తినే చేతి దిక్కు

మొన్న మా అమ్మాయి నన్ను నగరంలో పెద్ద చెరువు మీద బోటు ఎక్కిస్తానని తీసుకుపోయింది. తను తెల్లాపూర్‌లో పదహారో అంతస్తులో ఉంటుంది. ఆదివారం కూడా కంప్యూటర్ వదలని మనిషి. ఆ రోజు ఏమనుకుందో, "పద అమ్మా, ఊరికే ఇంట్లో ఏం కూర్చుంటవ్" అంది. రెండంతస్తుల బోటు, మెత్తటి సీట్లు, చల్లగాలి. కదలగానే ఎప్పుడో ఎక్కడో రికార్డు చేసి పెట్టిన ఒక ఆడగొంతు తియ్యగా మొదలుపెట్టింది: "మీ ఎడమవైపు చూడండి." బోటంతా అటు తిరిగింది. నేను తిరగలేదు.

"అమ్మా, ఎడమవైపు" అని భుజం తట్టింది మా అమ్మాయి.

"ఎడమంటే గడియారం చేతి దిక్కు కదూ?" అన్నాను.

తను నన్ను కొంచెం జాలిగా చూసింది. పెద్దదాన్నయిపోతున్నానని అనుకుని ఉంటుంది. అయిపోతున్నాను, కాదనను. కానీ ఆ మాట వయసు వల్ల వచ్చింది కాదు. కొన్నేళ్ళ పాటు రోజుకు ఏడెనిమిది సార్లు చెవినపడ్డ మాట అది. ఆ మాట అన్న మనిషి పోయి చాలా కాలమైంది. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే, "నా పేరు రాసినవ్ గని నా లాంచీ గురించి రెండు ముక్కలే రాసినవేంది?" అని దెప్పేవాడు. మా ఊరి చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసే వాళ్ళంతా ఆయన్ని కప్తాన్ సాబ్ అనేవారు. నేనూ కప్తాన్ అనే అంటాను.

తొంభైల మొదట్లో, పటాన్‌చెరు దాటాక హైవేకు మైలు దూరం లోపల, మా ఊరి చెరువులో బోటింగ్ పెట్టారు. ఆరు తొక్కుడు బోట్లు, డీజిల్‌తో నడిచే ఒక లాంచీ. తొక్కుడు బోట్లలో రెండింటికి హంస తలలుండేవి, అందులో ఒక హంసకు ముక్కు విరిగిపోయింది. ఈ చెరువుకు ఎవరొస్తారు అనుకున్నాం. వచ్చారు. కాజీపల్లి నుంచి వచ్చారు, చిట్కుల్ కిరాయి గదుల నుంచి వచ్చారు. షిఫ్టు దిగి స్నానం చేసి తల దువ్వుకుని వచ్చిన కుర్రాళ్ళు, కొత్తగా పెళ్ళాన్ని ఊరి నుంచి తెచ్చుకున్న ఒరిస్సా వాళ్ళు, పిల్లల్ని భుజాలకెత్తుకున్న బీహార్ వాళ్ళు. వారానికొక్క సెలవు రోజు, పాపం, వాళ్ళకు పోవడానికి ఇంకెక్కడుంది? కాంట్రాక్టర్ మా అమ్మ తరఫు దూరపు చుట్టం, ఆమెకు వరసకు తమ్ముడు. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఇంట్లో కూర్చుని అందరి మీదా విసుక్కుంటున్న నన్ను తెచ్చి టిక్కెట్ల గదిలో కూర్చోబెట్టాడు.

మొదటి రోజే రేవు మీద కప్తాన్‌ను చూసి ఆశ్చర్యపోయాను. నెత్తికి తెల్ల రుమాలు, మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచె, పైన భుజాలకు పట్టీలున్న ఖాకీ చొక్కా. ఎవరో సెక్యూరిటీ గార్డు వదిలేసిన చొక్కా అది. మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, ఛాతీ ముందుకు తెచ్చి, చెరువంతా తనదే అన్నట్టు నిలబడ్డాడు. ఆయన మా ఇంట్లో జీతమున్న మనిషి. ఏడాదికి ఇంత అని మాట్లాడుకుని, మా చేను దున్ని, మా ఎద్దులను మేపి, ఇరవై ఏళ్ళకు పైగా మా ఇంటి పని చేసినవాడు. మా ఇంట్లో చిన్నా పెద్దా అందరం ఆయన్ని 'వాడు' అనేవాళ్ళం. నేను ఏడేళ్ళ పిల్లనై ఉండి పేరు పెట్టి పిలిస్తే, ఆ వయసు మనిషి "ఏం చిన్నమ్మా" అని పలికేవాడు. ఇప్పుడు ఈ కాగితం మీద 'ఆయన' అని రాస్తున్నానంటే ఆ అలవాటు నాకు ఊరికే రాలేదు.

మా చేను ఒక కంపెనీ కట్టుకోవడానికి పోయింది. మా నాయినకు పరిహారం వచ్చింది, మా అన్నకు ఆ కంపెనీలోనే నౌకరీ వచ్చింది. పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ళకే ఇస్తారు కదా. ఆయన పేరు ఏ కాగితం మీదా లేదు. ఎద్దులను అమ్మేసిన మర్నాటి నుంచి ఆయన మా ఇంటికి రావడం మానేశాడు. ఎటు పోయాడని మాలో ఒక్కరమూ అడగలేదు. చేను లేకపోయాక వాడికి మాత్రం ఇక్కడ పనేముంది అనుకున్నాం.

"నమస్తే మేడం" అన్నాడు నన్ను చూసి.

చిన్నమ్మా అనలేదు. అందరూ పిలిచే పిలుపే పిలిచాడు, పళ్ళన్నీ కనిపించేలా నవ్వి. నాకు లోపల ఎక్కడో చురుక్కుమంది.

లాంచీ నడపడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, "నడుపుడేంది మేడం, దీన్ని తోలుడు అంటరు" అనేవాడు. నిజంగా తోలేవాడే. ఇంజనును 'ఎద్దు' అనేవాడు. డీజిల్ అయిపోతే, "ఎద్దుకు మేత లేదు, కాంట్రాక్టర్‌కు జెర చెప్పు" అని కబురు. చలికాలం పొద్దున అది అందుకోకపోతే మూత మీద అరచేత్తో నిమిరి, "లే బిడ్డా, నలుగురు నిలబడ్డరు, ఇజ్జత్ తియ్యకు" అని బతిమాలేవాడు. రేవు దగ్గరికి వచ్చేటప్పుడు "ఓ... ఓ... ఓహో" అని కేకపెట్టేవాడు. లాంచీ ఆగేది. ఇంజను ఆపాడు కనుక ఆగిందని మా అందరికీ తెలుసు. తను ఆగమన్నాడు కనుక ఆగిందని ఆయన నమ్మకం.

కాంట్రాక్టర్‌తో ఆయనకు ఒక్క విషయంలో ఎప్పుడూ తగువే. "రౌండ్ అని బోర్డు పెట్టినం, నువ్వు రౌండ్ కొట్టవేంది?" అనేవాడు కాంట్రాక్టర్. ఆయన చెరువును గుండ్రంగా ఎన్నడూ చుట్టిరాలేదు. గట్టు నుంచి తిన్నగా అవతలి ఒడ్డు దాకా పోయేవాడు. అక్కడ గడియారం చేతి దిక్కుకు మలిపి, కొంచెం ఎడంగా తిన్నగా తిరిగి వచ్చేవాడు. మళ్ళీ గడియారం చేతి దిక్కుకే మలిపేవాడు. "గిట్లయితేనే మూలమూలకు పోయినట్లు. గుండ్రంగ తిరిగితే నడుమ ఉన్నదంత ఎవరు సూస్తరు?" అనేవాడు. ఏదో మొండితనం అనుకుని ఊరుకున్నాను.

జనాన్ని కూర్చోబెట్టడం ఇంకో తంతు. బండికి బస్తాలెత్తేవాడిలా ఒక్కొక్కరినీ పైనుంచి కిందికి చూసి, "నువ్వు ముందట. నువ్వు ఎనుక. అమ్మా, నువ్వు నడుమ కూసో, నీకు అటొక బక్కోడు, ఇటొక బక్కోడు" అని పంపకాలు పెట్టేవాడు. లావుపాటి సూపర్‌వైజర్లు మొహం మాడ్చుకునేవారు. ఒకాయనైతే, "పైసలు పెట్టి టిక్కెట్ కొన్న, నా ఇష్టమొచ్చిన కాడ కూసుంట" అని గదమాయించాడు.

"కూసో సార్, ఎవరొద్దన్నరు? లాంచీ గూడ దాని ఇష్టమొచ్చిన కాడికి పోతది."

ఆ పెద్దమనిషి చప్పున లేచి నడుమకు వచ్చి కూర్చున్నాడు.

ముక్కు విరిగిన హంసను ఎవరికి ఇవ్వాలో ఆయనే తేల్చేవాడు. దానికి ఒక పక్క పెడళ్ళు బిగుసుకుపోయాయి. ఒకరు తొక్కుతుంటే పక్కనున్న వాళ్ళు తెడ్డు పట్టుకుని వేయాలి, లేకపోతే అది ఉన్నచోటనే తిరుగుతుంది. కొత్త దంపతులు మూతులు ముడుచుకుని వచ్చారంటే వాళ్ళకు అదే. "పొయ్యేటప్పుడు కొట్లాడుకుంట పోతరు మేడం, వచ్చేటప్పుడు సూడు" అనేవాడు. వచ్చేటప్పుడు ఇద్దరూ చెమటలు కక్కుతూ, పడీపడీ నవ్వుకుంటూ వచ్చేవారు. బాగుచేయిస్తానని కాంట్రాక్టర్ అన్నప్పుడల్లా ఏదో ఒక వంక పెట్టి ఆపించేవాడు.

అసలు సంగతి చేతిమైకు పట్టుకున్నాక మొదలయ్యేది. ఆ చెరువులో చూడటానికి ఏముందని? ఒక గట్టు, ఒక తూము, నాలుగు తుమ్మచెట్లు, ఆ పైన కంపెనీల వెనక గోడలు. రోడ్డు మీంచి చూస్తే ఏ కంపెనీ అయినా బాగానే ఉంటుంది. గేటు, పూలకుండీలు, జెండా కర్ర. చెరువులోంచి కనబడేది వాటి వీపు. తుప్పు పట్టిన గొట్టాలు, పగిలిన డ్రమ్ములు, ఆరేసిన యూనిఫారాలు. ఆ వీపును చూపించి జనాన్ని అరగంట నోరు తెరుచుకుని కూర్చునేలా చేసేవాడు.

"తినే చేతి దిక్కు సూడుండ్రి!"

ఆయన దగ్గర కుడి ఎడమలు లేవు. తినే చెయ్యి, గడియారం చెయ్యి, అంతే. తన చేతికి మాత్రం గడియారం ఎన్నడూ లేదు. ఒరిస్సా పిల్లలకు మొదటి ఆదివారం అర్థమయ్యేది కాదు. రెండో ఆదివారానికి కొత్తవాళ్ళకు వాళ్ళే, "ఖానే కా హాత్, ఖానే కా హాత్" అని చెయ్యి ఎత్తి చూపించేవారు.

"తినే చేతి దిక్కు గా నీలం ట్యాంకి కనపడ్తుందా? దాని కింద నా బాయి. ఎండకాలం గూడ ఎండకపోతుండె. గిప్పుడు ట్యాంకిల ఏమున్నదో దేవునికెరుక గని, నా బాయిల మాత్రం తియ్యటి నీళ్ళుండె. జెర ఇటు సూడుండ్రి. గా పొగగొట్టం కాడ నా కల్లం. నేను జొన్నలు తూర్పారబడుతుంటే పొట్టు చెరువు దాక ఎగిరొస్తుండె. గిప్పుడు పొగ ఎగిరొస్తున్నది. గాలైతే పాత గాలే. గా వాచ్‌మెన్ డబ్బా సూసిండ్రా? గాడ నా మంచె. కావలికి మంచి జాగ ఏదో కంపెనోళ్ళు గూడ కనిపెట్టిండ్రు, శభాష్!"

జనం చప్పట్లు కొట్టేవారు. నీళ్ళ మీద తెల్లగా నురుగు తేలిన రోజుల్లో, "ఇయ్యాల చెరువు తలకు పోసుకుంటున్నది, చేతులు ముంచకుండ్రి" అనేవాడు. పిల్లలు కిలకిలా నవ్వి చేతులు లోపలికి తీసుకునేవారు. అలా ఎందుకన్నాడో తల్లులకు అర్థమయ్యేది.

మొదటి వారం నేనూ నవ్వాను. రెండో వారం నవ్వు రాలేదు. ఆ బావి మాది. ఆ కల్లం మాది. మా తాత కొన్న చేను, మా నాయిన పేరున పట్టా ఉన్న చేను. నా బాయి, నా కల్లం, నా మంచె అంటూ ముక్కూమొహం తెలియని జనం ముందు మైకులో చాటింపు వేస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఒక మధ్యాహ్నం జనం లేనప్పుడు అడిగేశాను.

"నా చేను నా చేను అంటున్నవు. అది నీదెప్పుడైంది?"

ఆయన బీడీ ఆర్పి చెవి సందున పెట్టుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు. తప్పు దొరికిపోయిన చూపు కూడా లేదు.

"మీది మీరు అమ్ముకున్నరు మేడం. పైసలొచ్చినయ్, నౌకరీ వచ్చింది, మంచిగైంది. నాది నేను అమ్మలే. నన్నెవరు అడగనే లేదు. గందుకే నాది ఇంక నాకే ఉన్నది."

చదువుకున్నదాన్ని, పట్టా అంటే ఏమిటో తెలిసినదాన్ని, ఆ మనిషి ముందు నోరు మూసుకుని నిలబడాల్సి వచ్చిందే అని ఇంకా ఉక్రోషం. ఇంటికి పోయి మా నాయినకు చెప్పాను.

మా నాయినకు మాట తక్కువ, కోపం ఎక్కువ. అన్నం కలుపుతూ విన్నాడు.

"నా చేను అంటుండా? నలుగుర్ల?"

"మైకుల అంటుండు నాయినా" అన్నాను.

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. కంచంలో చెయ్యి కడిగేశాడు. "ఆదివారం నేనొస్త. నా ముందట అననియ్యి సూస్త. అన్నడంటే సోమారం సంది వాడు లాంచీ మీద ఉండడు."

అంటే అయిపోయినట్టే. మా నాయిన మాట కాంట్రాక్టర్ కాదనడు. లాంచీ తప్ప ఆయనకు వేరే బతుకు లేదని నాకు తెలుసు. కంపెనీ గేట్ల దగ్గర అడిగితే వయసైపోయిందన్నారు. కూలికి పోదామంటే చుట్టుపక్కల దున్నే చేన్లే లేవు. ఇంట్లో ముసలి తల్లి, మంచాన పడి ఉంది. నా ఉక్రోషం తీర్చుకోవడానికి ఆ ఇంటి పొయ్యి ఆర్పబోతున్నాను. శనివారం పొద్దున్నే రేవు మీదికి పోయి చెప్పాను.

"రేపు మా నాయిన వస్తుండు. లాంచీ ఎక్కుతడంట."

"రానియ్యి, మంచిదే గద. యాడ కూసోబెట్టాల్నో సోంచాయిస్త. పటేల్ జెర బరువు మనిషి."

"నవ్వులాట కాదు. నా చేను అంటే నీ నౌకరీ తీపిస్తడు. రేపొక్కదినం అనకు. 'గాడ ఒక చేనుండె' అను, సరిపోతది."

"ఒక చేనా?" ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఒక చేనును సూసెతందుకు ఎవడు టిక్కెట్ కొంటడు మేడం?"

"నౌకరీ పోతదంటున్న!"

ఆయన లాంచీ వైపు చూశాడు. ఇంజను మూత మీద చెయ్యి వేశాడు. నేను వచ్చినప్పటి నుంచీ ఆ ఛాతీ కొంచెం తగ్గడం అప్పుడే చూశాను. "ఎద్దును ఎవరు సూస్తరో మరి" అన్నాడు.

ఆదివారం సాయంత్రం మా నాయిన వచ్చాడు. ఇస్త్రీ పంచె, భుజాన కండువా, జేబులో మడతపెట్టిన పహాణీ నకలు. ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే సర్కారు కాగితం అది. కాంట్రాక్టర్ కుర్చీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మా నాయిన కూర్చోలేదు. నా కిటికీ దగ్గరికి వచ్చి, తన కూతుర్ని కానట్టు, "ఒక టిక్కెట్ ఇయ్యి" అన్నాడు. గది కాంట్రాక్టర్‌కు అప్పజెప్పి నేనూ వెళ్ళి ఎక్కాను.

కప్తాన్ మా నాయినను కూడా పైనుంచి కిందికి చూశాడు. "నడుమ కూసోండ్రి పటేలా" అన్నాడు. ఇన్నేళ్ళలో ఎక్కడ కూర్చోవాలో ఆయన చెప్పగా మా నాయిన విన్నది ఎన్నడూ లేదు. అయినా వచ్చి నడుమ కూర్చున్నాడు.

లాంచీ కదిలింది. ఆయన ఇంకా మైకు తీయకముందే మా నాయిన ఒడ్డున ఉన్న ఒక తెల్ల షెడ్డు వైపు వేలు పెట్టి, అందరికీ వినబడేలా, "గదే మన చేను" అన్నాడు నాతో. ఇన్నాళ్ళూ విన్న మాటల్లో ఆ తెల్ల షెడ్డు ఒక్కసారి కూడా రాలేదు.

మైకు గరగరలాడింది. ఒక్క దినం ఊరుకుంటే ఏం పోయింది, ఊరుకో, ఊరుకో అని మనసులో దండం పెట్టుకుంటున్నాను.

"తినే చేతి దిక్కు సూడుండ్రి. గా నీలం ట్యాంకి కనపడ్తుందా? దాని కింద నా బాయి..."

ఒక్క మాట తగ్గించలేదు. నా బాయి, నా కల్లం, నా మంచె. గొంతు కూడా తగ్గించలేదు. మా నాయిన మొహం ఎర్రబడింది. "అరేయ్" అని లేచాడు. లాంచీ ఒక పక్కకు ఒరిగింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు.

"పటేలా, కూసోండ్రి. ఒరుగుతది."

మా నాయిన కూర్చుని జేబులోంచి కాగితం తీశాడు. "గాడ కాదురా మన చేను. గీ తెల్ల షెడ్డు కాడుండె. కాయితమున్నది నా దగ్గర. నీదని చెప్పుకునుడు అట్లుండనియ్యి, యాడుండెనో గూడ నీకు ఎరుక లేదు."

ఆయన మైకు పక్కన పెట్టాడు.

"మీరు రోడ్డు దిక్కుకెల్లి వచ్చి, రోడ్డు దిక్కుకెల్లే పోతుండ్రి పటేలా. చెరువు దిక్కుకెల్లి మన చేను ఎన్నడు సూడలే. గీ కాలంల మంచె మీద కూసోని సూస్తే పొద్దు యాడ గూకుతుండెనో యాదికున్నదా?"

మా నాయిన చాలాసేపు ఆలోచించాడు. "తూము మీద" అన్నాడు చివరికి, నెమ్మదిగా. "తూము మీద గూకుతుండె. మా నాయిన చెప్తుండె."

"మరి సూడుండ్రి."

అందరం వెనక్కి తిరిగి చూశాం. ఎర్రటి పొద్దు సరిగ్గా తూము మీదికి దిగుతోంది. దానికి తిన్నగా ఎదురు ఒడ్డున, మంచె ఉండేదని ఆయన చెప్పిన చోట, వాచ్‌మెన్ డబ్బా ఉంది. తెల్ల షెడ్డు ఎక్కడో పక్కకు, వేరే వాళ్ళ పొలంలో ఉండిపోయింది. మా నాయిన అటు చూశాడు, ఇటు చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తన చేను ఎక్కడుందో తనకు తెలియదని, దాన్ని దున్నినవాడికే తెలుసునని, అంతమందిలో బయటపడినందుకు కోపగించుకుంటాడేమోనని భయపడ్డాను.

లాంచీ అవతలి ఒడ్డుకు చేరి గడియారం చేతి దిక్కుకు మలిగింది. నీళ్ళ మీద మేం వచ్చిన దారి ఇంకా చారగా కనిపిస్తోంది. దాని పక్కనే, కొంచెం ఎడంగా, ఇంకో చార పడుతోంది. మా నాయిన ఆ రెండింటినీ చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగాడు.

"వీడు దున్నుతుండు" అన్నాడు. "సూసినవా? సాలు పక్కన సాలు. ఒడ్డు కాడికొచ్చినంక ఎడమకే మలుపుతడు. ఎద్దులున్నప్పుడు గూడ గంతే. ఎన్నిసార్లు తిట్టిన, ఇనకపోతుండె."

కండువాతో మొహం తుడుచుకున్నాడు. చెమట పట్టే కాలం కాదు అది. రోజూ కిటికీలోంచి చూస్తూ కూడా నాకు తోచలేదు ఆ సంగతి. సిగ్గుతో చచ్చిపోయాను.

రేవు దగ్గర కాంట్రాక్టర్ ఎదురొచ్చాడు. "ఎట్లుండె బావా? ఏమన్న చెప్పేదున్నదా?"

కప్తాన్ తాడు కడుతున్నవాడు కట్టడం ఆపాడు.

"ఉన్నది" అన్నాడు మా నాయిన. "సీట్లు గట్టిగున్నయ్. జెర మెత్తలు ఏపియ్యి."

ఆ తర్వాత మా నాయిన నెలకొకసారి లాంచీ ఎక్కడానికి వచ్చేవాడు. ప్రతిసారీ టిక్కెట్ కొనేవాడు. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి నడుమ కూర్చునేవాడు. ఇద్దరూ ముచ్చట్లేమీ పెట్టుకునేవారు కాదు. ఒక్కోసారి మా నాయిన, "గా ఈతచెట్టు యాడుండెరా?" అని అడిగేవాడు. ఆయన చెయ్యి చాపి చూపేవాడు. చుట్టూ ఉన్న జనం కూడా ఆ లేని ఈతచెట్టు వైపు మెడలు సాచి చూసేవారు. నా నోట్లో 'వాడు' పోయి 'ఆయన' ఎప్పుడొచ్చిందో సరిగ్గా చెప్పలేను కానీ ఆ రోజుల్లోనే వచ్చింది.

మూడో ఏడు వానాకాలంలో మా నాయిన పోయాడు. పదకొండు రోజులయ్యాక నేను మళ్ళీ పనిలోకి వచ్చాను. వారం నడుమ రోజు, ముసురు, ఒక్కరు కూడా లేరు. ఆయన నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"దా బిడ్డా, లాంచీ ఎక్కు" అన్నాడు.

మేడం అనలేదు. వెళ్ళి ఎక్కాను. ఉన్నది ఇద్దరమే కనుక ఎక్కడ కూర్చోవాలో ఆయన చెప్పలేదు. నేనే నడుమ కూర్చున్నాను. చెరువు మధ్యకు పోయాక మైకు తీశాడు. ఆన్ చేయలేదు, ఊరికే నోటి ముందు పట్టుకున్నాడు.

"తినే చేతి దిక్కు సూడు బిడ్డా. గా నీలం ట్యాంకి కింద మీ నాయిన బాయి. ఎండకాలం గూడ ఎండకపోతుండె. గా పొగగొట్టం కాడ మీ నాయిన కల్లం. గా డబ్బా ఉన్న కాడ మీ నాయిన మంచె. మీ నాయిన ఎన్నడెక్కలే అనుకో. ఎక్కితే ఇరుగుతుండె."

నవ్వొచ్చింది, దానితోపాటే ఏడుపూ వచ్చింది. ఒకప్పుడు ఆయన నోటి నుంచి ఆ మాట రావాలనే కదా నేను అంత రచ్చ చేసింది. తీరా వచ్చాక వినలేకపోయాను. ఉన్నదంతా తెచ్చి నా చేతిలో పెడుతున్నాడు, నాకెందుకు అది?

"తప్పు చెప్తున్నవ్ కాకా" అన్నాను. ఆయన్ని కాకా అని పిలిచింది అదే మొదటిసారి. "ఎప్పటిలెక్కనే చెప్పు. నీ చేను అను."

ఒడ్డు దగ్గరపడింది. గడియారం చేతి దిక్కుకు మలిపి, లాంచీ తిన్నగా అయ్యేదాకా ఆగాడు.

"ఇయ్యాల్టికి ఆయనదే ఉండనియ్యి బిడ్డా" అన్నాడు. "రేపటి సంది మల్ల నాదే."

మర్నాడు ముసురు తెరిపిచ్చింది. ఏదో కంపెనీలో ప్యాకింగ్ పని చేసే ఆడవాళ్ళు పదిహేను మంది దాకా వచ్చారు. సగం మంది లాంచీ ఎక్కారు, మిగతావాళ్ళు తర్వాతి రౌండ్ కోసం వరసలో నిలబడ్డారు. చెరువు మీంచి మైకు గరగర వినిపించింది. తినే చేతి దిక్కు సూడుండ్రి. నా బాయి, నా కల్లం, నా మంచె. నిన్నటి తడి ఆ గొంతులో లేదు. ఛాతీ కచ్చితంగా ముందుకే ఉండి ఉంటుంది.

వరసలో ముందున్నామె కిటికీలోంచి తల వంచింది. "మేడం, గదంత నిజంగ గాయన చేనేనా?" అని అడిగింది.

"ఔ, ఆయనదే" అని టిక్కెట్ చింపి ఇచ్చాను.